ప్లేట్‌లెట్స్ ఎన్ని అని అడక్కండి

మా చిన్నోడికి డెంగీ అని తేలగానే ఫోన్ మోగడం మొదలైంది. ఎవరు చేసినా ఒకటే మాట: "ప్లేట్‌లెట్స్ ఎన్నున్నాయి?" గూడూరు నుంచి మా అత్తయ్య, మా ఆడపడుచు, ఆఖరికి స్కూల్ వ్యాన్ డ్రైవర్ కూడా. చెన్నై కొరుక్కుపేటలో మా వీధిలో సగం తెలుగువాళ్లే కదా, ప్లేట్‌లెట్స్ పెరుగుతాయంటూ బొప్పాయాకు రసం సీసాలో పోసి మరీ తెచ్చిచ్చారు. అసలే వాంతులతో వేలాడిపోతున్న పిల్లాడికి ఆ చేదు ఎక్కడ పట్టను? పక్కన పెట్టేశాను.

వార్డులో వాళ్ల ధ్యాసంతా వేరే. నర్సమ్మ వచ్చినప్పుడల్లా "ఒణ్ణుక్కు పోనానా?" అని అరవంలో అడిగేది, పాస్ పోశాడా అని. పాస్ ఎప్పుడు పోశాడు, ఎంత పోశాడు అన్నీ కాగితం మీద రాసుకునేది. డాక్టరమ్మ వాడి కాలి బొటనవేలి గోరు నొక్కి వదిలి, తెల్లబడిన చోటికి మళ్లీ ఎరుపు ఎంతసేపటికి వస్తుందో చూసేది. రెండు సెకన్లు దాటితే రక్తం సరిగ్గా ఆడటం లేదని అట. పాదాలు చల్లబడ్డాయేమోనని తడిమేది.

జ్వరం దిగిన పొద్దున మా ఆయన సంచి సర్దబోయారు. "ఇప్పుడే కదండీ జాగ్రత్తగా చూడాల్సింది" అంది డాక్టరమ్మ. డెంగీలో ప్రమాదం ఎక్కువగా మూడో రోజుకీ ఏడో రోజుకీ మధ్య, జ్వరం తగ్గే వేళకే వస్తుంది. రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారిపోయి రక్తం చిక్కబడుతుంది. రక్తంలో ఎర్రకణాల వంతు ఎంతో చెప్పే పీసీవీ పరీక్షలో ఆ అంకె పెరిగి కనిపిస్తుంది. ప్లేట్‌లెట్స్ బాగా పడిపోయినా, రక్తస్రావం లేకపోతే ఊరికే ఎక్కించరు. సెలైన్ కూడా లెక్క చూసుకునే పెడతారు, ఎక్కువైతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది.

కాబట్టి జ్వరం తగ్గింది కదా అని నిశ్చింతగా ఉండొద్దు. కడుపునొప్పి, ఆగని వాంతులు, ముక్కు నుంచో చిగుళ్ల నుంచో రక్తం, మగతగా పడి ఉండటం, పాస్ తగ్గిపోవడం, వీటిలో ఏది కనబడినా అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. జ్వరానికి పారాసెటమాల్ తప్ప బ్రూఫెన్, ఆస్పిరిన్ లాంటివి వేయకండి, రక్తస్రావం పెరుగుతుంది.

ఇక దోమల సంగతి. అందరూ కాలవని తిడతారు గానీ, ఈ డెంగీ దోమకి కావాల్సింది మనం పట్టి దాచుకున్న మంచినీళ్లే. మెట్రో వాటర్ వాళ్ల నీళ్లు ఎప్పుడొస్తాయో తెలియని వీధిలో డ్రమ్ములు లేకుండా బతికేదెలా? నీళ్లు పారబోస్తే సరిపోదు. గుడ్లు నీటి అంచుకి కాస్త పైన, డ్రమ్ము గోడకి అంటుకుని, ఎండినా నెలల తరబడి బతికే ఉంటాయి. మళ్లీ నీళ్లు తగిలితే పురుగులే. అందుకే వారానికోసారి పీచుతో గట్టిగా రుద్ది కడగాలి. తనిఖీకి వచ్చే కార్పొరేషన్ అమ్మాయి టార్చ్ వేసి చూపిస్తే తెలిసింది, మా ఫ్రిజ్ వెనక ట్రేలోనూ అవే ఉన్నాయి.