టూ వీల్ పికప్ ఇసుకలో దిగబడితే

గల్ఫ్‌లో మన డ్రైవర్ల చేతికొచ్చే పికప్‌లలో చాలావాటికి ఇంజను బలం వెనక రెండు చక్రాలకే అందుతుంది. మజ్రాలకు (పొలాలకు) నీళ్లు, ఒంటెల ఇజ్బాలకు (దొడ్లకు) గడ్డి, సైట్లకు పైపులు మోసేది ఇదే బండి. ముందు ల్యాండ్ క్రూయిజర్‌లో వెళ్తున్న యజమాని చెయ్యి ఊపి వెనకే రమ్మంటాడు. ఆయన చక్రాల జాడ చూసి నమ్మొద్దు. ఆ బండి నాలుగు చక్రాలతో ఈదుకుంటూ వెళ్లింది, మీది రెండింటితో వెళ్లాలి. పైగా ముందు బండి చీల్చిన ఇసుక పైపొర అప్పటికే వదులైపోయి ఉంటుంది.

ఖాళీ పికప్‌లో ఇంజను, గేరుబాక్సు, క్యాబిన్ అన్నీ ముందువైపే. లాగాల్సిన వెనక చక్రాల మీద బరువు తక్కువ కాబట్టి పట్టు దొరకదు. లాగని ముందు చక్రాలు మాత్రం బరువు మోస్తూ నాగలిలా ఇసుకను తోసుకుంటూ పోతాయి. దీనికి తోడు ఇంజను బలాన్ని ఇరుసు రెండువైపులకూ పంచే గేర్ల పెట్టె, అంటే మామూలు డిఫరెన్షియల్, రెండు చక్రాలకూ సమానంగానే బలం పంచుతుంది. ఒక చక్రం పట్టు తప్పి గిర్రున తిరిగిందంటే రెండోదానికి కూడా అంతకంటే ఎక్కువ బలం అందదు. కుడి చక్రం ఇసుక చిమ్ముతుంటే ఎడమ చక్రం బొమ్మలా ఆగిపోయేది ఇందుకే. అందులో బండి లోపమేమీ లేదు.

బండి దిగబడటంతో పోయేది తక్కువ. ఆ తరువాతి పది సెకన్లలో పోయేదే ఎక్కువ. వేగం తగ్గి, స్టీరింగ్ బరువెక్కి, ఇంజను మోత పెరుగుతున్నా బండి కదలట్లేదంటే వెంటనే కాలు తీసేయాలి. అప్పటికి టైరు నాలుగైదు అంగుళాలే దిగి ఉంటుంది, పావుగంట పని. ఇంకో రెండుసార్లు తొక్కితే వెనక ఇరుసు మధ్యలో ఉన్న డిఫరెన్షియల్ గుండు ఇసుక మీద కూర్చుంటుంది. బండి బరువు చక్రాల మీద నుంచి దాని మీదికి మారుతుంది, ఇక ఎంత తొక్కినా చక్రాలు గాల్లో తిరిగినట్టే. జీతంలో కోస్తారేమో, ఆలస్యమైతే తిడతారేమో అన్న భయమే చాలామంది చేత ఆ రెండో తొక్కుడు తొక్కిస్తుంది. క్లచ్ ప్లేట్ కాలిన వాసన వచ్చాక భయపడి లాభం లేదు.

కిందికి దిగి ముందుగా ఒక ఫోటో తీసి ముదీర్‌కు (మేనేజర్‌కు) పంపండి, లొకేషన్ కూడా. తరువాత పడుకుని బండి కింద చూడండి. డిఫరెన్షియల్, డీజిల్ ట్యాంకు, స్టెప్నీ, ఛాసిస్ అడ్డకమ్మీ వీటిలో ఏదైనా ఇసుకను తాకుతోందా? తాకుతుంటే గాలి తీసినా ఫలితం ఉండదు, ముందు దాని కింద ఖాళీ చేయాలి. ఏదీ తాకకపోతే సగం పని అయిపోయినట్టే.

ఇక గాలి. రోడ్డు మీద 35 పీఎస్‌ఐ దాకా ఉండే టైరులో మెత్తటి ఇసుకకు 15 నుంచి 18 చాలు. గాలి తగ్గితే టైరు నేలకు ఆనే జాగా పొడవుగా సాగుతుంది, అదే బరువు ఎక్కువ చోటికి పంచుకుంటుంది. నాలుగు టైర్లకూ తీయాలి. లాగేవి వెనకవే కదా అని ముందువాటిని వదిలేస్తే అవి దున్నడం ఆపవు. అప్పటికీ కదలకపోతే 12 దాకా తగ్గించవచ్చు. కానీ అంత తక్కువలో స్టీరింగ్ ఒక్కసారిగా తిప్పితే టైరు రిమ్ము నుంచి ఊడి రావచ్చు, ఎడారిలో దాన్ని తిరిగి ఎక్కించడం బన్షర్ (పంక్చర్) కొట్లో ఎక్కించినంత తేలిక కాదు. వేడికి గాలి వ్యాకోచిస్తుంది, 15 దగ్గర సుమారు ప్రతి పది డిగ్రీలకు ఒక పీఎస్‌ఐ చొప్పున. కాబట్టి మధ్యాహ్నం 15 పెట్టిన టైరు రాత్రి చలికి ఇంకా కిందికి పడుతుంది. గేజ్ లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు. కళ్లతో చూసి 15కూ 9కీ తేడా చెప్పడం అలవాటున్నవాళ్లకే కష్టం.

తవ్వడంలో తప్పెక్కడంటే, చక్రం ముందు గుంట తీసి వదిలేస్తారు. గుంట కాదు, వాలు కావాలి. ఏ వైపు బయటికి రావాలనుకుంటున్నారో ఆ వైపు, టైరు అడుగు నుంచి పైకి నెమ్మదిగా ఎక్కేలా మీటరు పొడవున, టైరు కంటే కాస్త వెడల్పుగా, నాలుగు చక్రాలకూ తీయాలి. పొడి ఇసుక జారి మళ్లీ నిండుతుంది కాబట్టి వెడల్పు తగ్గించకూడదు. ముందుకు పోవాలన్న పట్టుదల వద్దు. వచ్చిన దారి మీ బండిని అప్పటిదాకా మోసింది కాబట్టి చాలాసార్లు వెనక్కి రావడమే తేలిక.

కదిలేటప్పుడు స్టీరింగ్ నిటారుగా ఉండాలి, ఏసీ ఆపాలి. మాన్యువల్ బండిలో ముందుకైతే సెకండ్ గేరు, వెనక్కైతే రివర్స్. క్లచ్ మీద నడపకుండా, పూర్తిగా వదిలేసి కాలు మెల్లగా నొక్కాలి. కొత్త బండ్లలో ట్రాక్షన్ కంట్రోల్ చక్రం జారగానే ఇంజను బలం కోసేస్తుంది, దాన్ని ఆపండి. టయోటాల్లో బండి ఆగి ఉన్నప్పుడు ఆ బటన్ మూడు సెకన్లకు పైగా నొక్కి పట్టాలి. ఒక్క చక్రమే తిరుగుతుంటే హ్యాండ్ బ్రేక్ రెండు మూడు పళ్లు మాత్రం లాగి పట్టుకుని తొక్కి చూడండి. తిరిగే చక్రానికి అడ్డు తగిలి, ఆ మేరకు రెండోదానికి బలం వెళ్తుంది. కదలగానే వదిలేయాలి, లేకపోతే బ్రేకు లైనింగ్ కాలుతుంది. ఇది పాత డ్రైవర్ల చిట్కా, చాలాసార్లు పని చేస్తుంది, ప్రతిసారీ కాదు.

పలకలుంటే ఈ తిప్పలు సగం తప్పుతాయి. మీటరు పొడవు, అడుగు వెడల్పు, 18 మిల్లీమీటర్ల మందం ప్లైవుడ్ ముక్కలు రెండు, జాకీ కింద వేయడానికి 40 సెంటీమీటర్ల చదరం ఇంకొకటి. సైటులో పారేసే షట్టరింగ్ ముక్కలే సరిపోతాయి, మేకులు పీకేయాలి. చదరపు పలక లేకుండా బాటిల్ జాకీ పెడితే బండి లేవదు, జాకీ దిగుతుంది. చక్రం లేచాక దాని కింద ఇసుక నింపి, తొక్కి గట్టిచేసి, పైన పలక వేసి దించాలి. జాకీ మీద ఉన్న బండి కిందికి తల, చెయ్యి పెట్టకూడదు. క్యాబిన్ మ్యాట్లు కూడా వేయవచ్చు గానీ, చక్రం వాటిని వెనక్కి రాయిలా విసురుతుంది. ఆ వైపు ఎవరూ నిలబడకూడదు.

సరుకు సంగతి రెండువైపులా పదునున్న కత్తి. ఖాళీ బండికి ఇరుసుకు కాస్త ముందుగా నూటయాభై, రెండొందల కిలోల ఇసుక బస్తాలు మేలు చేస్తాయి. టెయిల్‌గేట్ దగ్గర పెడితే ముందు భాగం తేలిపోయి స్టీరింగ్ మాట వినదు. వెయ్యి లీటర్ల నీళ్ల ట్యాంకు నిండుగా ఉంటే అదొక టన్ను. అలా దిగబడితే ముందు సగం నీళ్లు వదలండి, నీళ్ల ఖర్చు క్లచ్ కంటే తక్కువ. చక్రాల దారిలో మాత్రం వదలొద్దు, పక్కకు పైపు వేయండి.

సబ్ఖాలో ఇవన్నీ తలకిందులవుతాయి. అబుదాబి తీరం వెంట, పశ్చిమాన సబ్ఖత్ మత్తీ, ఒమన్‌లో ఉమ్ముస్సమీమ్, ఇంకా ఎన్నో చోట్ల ఈ ఉప్పు నేలలున్నాయి. పైన ఎండిన ఉప్పు పెచ్చు, కింద బురద. పొలంలా చదునుగా ఉండి, అక్కడక్కడా తడిసినట్టు ముదురు రంగులో కనిపిస్తుంది. దిగి మడమతో గట్టిగా నొక్కండి, జాడలో చెమ్మ ఊరితే బండి పెట్టొద్దు. పెచ్చు విరిగాక ముందుకు వెళ్లినకొద్దీ లోతే. ఇసుకలోలా ఊపి ఊపి తీయాలని చూస్తే బురద కలిసి జావ అవుతుంది. బరువు దించి, పలకలు వేసి, వచ్చిన దారినే వెనక్కి. రెండు ప్రయత్నాలకు రాకపోతే గట్టి నేల మీద నిలిచి లాగే బండిని పిలవాల్సిందే.

దారిన పోయే బద్దూ (ఎడారి అరబ్బు) ఎవరైనా కనిపిస్తే 'సయ్యారా ఘర్రజత్' (బండి దిగబడింది) అంటే చాలు, అర్థమవుతుంది. సాయం అక్కడ అరుదేమీ కాదు, ప్రమాదమంతా లాగే పద్ధతిలో ఉంది. ముందు తవ్వి ఉంచండి, తవ్వకుండా లాగితే తాడు మీద భారం ఎన్నో రెట్లు పెరుగుతుంది. తాడు ఛాసిస్‌కు బిగించిన లాగుడు కొక్కేనికే కట్టాలి. బంపరుకు వద్దు. ట్రైలర్ తగిలించే గుండుకైతే అసలే వద్దు, అది విరిగితే ఫిరంగి గుండులా దూసుకొచ్చి మనిషిని చంపుతుంది. గొలుసుతో కుదుపులిచ్చి లాగకూడదు. తాడు మధ్యలో ఇసుక నింపిన గోనెసంచో, బరువైన దుప్పటో వేయండి. తాడు పొడవు తొమ్మిది మీటర్లయితే చూసేవాళ్లు కనీసం పదిహేను మీటర్ల దూరంలో ఉండాలి.

వేసవిలో ఇదంతా నిప్పుల మీద పని. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఆరుబయట ఎండలో పని చేయించకూడదని నియమం ఉంది. ఆ వేళలో దిగబడితే పార పక్కన పెట్టి, బండి నీడలో కూర్చుని, ఎండ తగ్గాక తవ్వండి. సైలెన్సర్ గొట్టం ఇసుకలో పూడుకుని ఉంటే ఏసీ కోసం ఇంజను నడపొద్దు, విషవాయువు క్యాబిన్‌లోకి వస్తుంది. మనిషికి పది లీటర్ల చొప్పున తాగే నీళ్లు వెనక డబ్బాలో కాదు, క్యాబిన్‌లో ఉండాలి. బండిని వదిలి నడిచి వెళ్లకూడదు, వెతికేవాళ్లకు మనిషి కంటే బండి ముందు కనిపిస్తుంది. సిగ్నల్ లేకపోయినా ఫోన్ జీపీఎస్ పని చేస్తుంది కాబట్టి అక్షాంశ రేఖాంశాలు రాసుకోండి. అత్యవసర సాయానికి ఫోన్ నంబర్లు: యూఏఈ, ఖతర్, బహ్రెయిన్‌లో 999, కువైట్‌లో 112, ఒమన్‌లో 9999.

బయటపడ్డాక గట్టి నేల వచ్చేవరకు ఆగొద్దు. ఆగాల్సి వస్తే బ్రేకు తొక్కకుండా, వాలులో ముక్కు కిందికి ఉండేలా దానంతటదే ఆగనివ్వండి. బ్రేకు తొక్కితే ముందు చక్రాల ఎదుట ఇసుక గట్టు కట్టుకుంటుంది, కథ మళ్లీ మొదటికి. తారు రోడ్డు ఎక్కేముందే గాలి నింపాలి. చిన్న పంపును బ్యాటరీకే క్లిప్పులతో తగిలించండి, సిగరెట్ లైటర్ సాకెట్‌కు పెడితే ఫ్యూజు ఎగరొచ్చు. పంపు లేకపోతే దగ్గరి బన్షర్ దాకా నలభై దాటకుండా వెళ్లాలి, 15 గాలితో వంద మీద పోతే టైరు పక్కగోడలు వేడెక్కి పగులుతాయి. బ్రేకులు రెండు మూడుసార్లు మెల్లగా నొక్కి చూడండి, ఇసుక గరగర ఉంటే డ్రమ్ము విప్పించాలి. ఎయిర్ ఫిల్టర్ తీసి దులపండి. సబ్ఖా బురదైతే అదే రోజు ఉప్పు లేని నీళ్లతో ఛాసిస్ అడుగంతా కడిగించండి.