ఎముకను అతికించేవి ప్లేట్లు కావు

ఎక్స్‌రేలో విరుగు చుట్టూ పలచటి మబ్బులా కాలస్ (అతుకు పడేటప్పుడు ఏర్పడే కొత్త కణజాలం) కనబడితే ఎన్నిసార్లు చూసినా ఆనందమే. ప్లేటు, రాడ్డు చేసేది పట్టి ఉంచడం వరకే. అతికించేవి మూలకణాలు. అవి ఎక్కువగా మజ్జ నుంచి వస్తాయనుకుంటాం గానీ, కాలస్ కట్టేవాటిలో పెద్ద వాటా ఎముకను కప్పి ఉండే పెరియాస్టియం పొరది. అందుకే ఆపరేషన్‌లో ఆ పొరను అవసరానికి మించి గీకేస్తే నాకు మనసొప్పదు.

విరిగిన చోట గడ్డకట్టిన రక్తం నుంచే మొదటి పిలుపు వెళ్తుంది. చేరిన కణాలు ఏమవుతాయన్నది కదలికను బట్టి, అందే రక్తాన్ని బట్టి ఉంటుంది. విరుగు మధ్య సాగుదల, అంటే కదలికకు ఆ ఖాళీ తన వెడల్పులో ఎంత సాగుతుందన్నది, 2 శాతం లోపు ఉంటేనే ఎముక నిలుస్తుంది. మృదులాస్థి 10 శాతం దాకా ఓర్చుకుంటుంది, తర్వాత అదే ఎముకగా మారుతుంది. అంతకు మించి కదులుతుంటే మిగిలేది పీచు కణజాలమే. పొగతాగడం కొత్త రక్తనాళాలను దెబ్బతీస్తుంది, అతుకు ఆలస్యమవుతుంది.

అతకని విరుగులో తుంటి ఎముక మజ్జ ఎక్కించేటప్పుడు తరచూ జరిగే పొరపాటు ఒకటుంది: ఒకే చోట నుంచి సిరంజి నిండా లాగడం. అసలే మజ్జలో కేంద్రకమున్న లక్ష కణాలకు మూలకణాలు ఒకటి నుంచి పది దాకానే. 2 మిల్లీలీటర్లు దాటితే వచ్చేది చాలావరకు మామూలు రక్తం. కొంచెం లాగాలి, సూది జరపాలి, మళ్లీ కొంచెం లాగాలి. విసుగైనా ఇంతే.