మూడు వారాలకో పెనిడ్యూర్

నిన్న కుడి మోకాలు, ఇవాళ ఎడమ చీలమండ, రేపు మణికట్టు. నొప్పి ఇలా చోటు మారుతుంటే ఎవరు నమ్ముతారు? "బడి ఎగ్గొట్టడానికి రోజుకో కాలు చూపిస్తోంది" అని బాలసదనంలో నవ్వారు. అది 2016. నాకు పన్నెండేళ్ళు. అమ్మ పోయి, నాన్న ఎటో వెళ్ళిపోయాక సీడబ్ల్యూసీ (బాలల సంక్షేమ కమిటీ) వాళ్ళ ఆర్డరుతో అక్కడ చేరాను. జ్వరం తగ్గక, మెట్లెక్కితే ఆయాసం కూడా మొదలయ్యేసరికి సూపరింటెండెంట్ మేడమ్ భయపడి, ఆయమ్మను తోడిచ్చి పెద్దాసుపత్రికి పంపారు.

పిల్లల డాక్టరు స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నారు. ఆ తర్వాత ఆయమ్మను అడగడం మొదలుపెట్టారు. ఈమధ్య గొంతు నొప్పి వచ్చిందా? ఇదివరకెప్పుడైనా కీళ్ళు వాచాయా? ఇంట్లో ఎవరికైనా గుండె జబ్బుందా? పడని మందులేమన్నా ఉన్నాయా?

"నాకేం తెలుసు సార్, నలభై మంది పిల్లలు" అంది ఆయమ్మ. ఆమెననడానికేం లేదు. ఇలాంటివన్నీ ఎవరికైనా వాళ్ళమ్మే చెబుతుంది. నావి అమ్మతోనే పోయాయి. గొంతు నొప్పి మాత్రం నాకే గుర్తుంది. వానాకాలంలో మా గదిలో అందరికీ వచ్చింది. ఉప్పునీళ్ళు పుక్కిలించి ఊరుకున్నాం. మంచానికి మంచం ఆనుకుని ఉండే చోట ఒకరికొస్తే ఇంకొకరికి రాకుండా ఎలా ఉంటుంది?

రక్తపరీక్షలు, ఈసీజీ, ఎకో (గుండె స్కానింగ్) అన్నీ అయ్యాక రుమాటిక్ ఫీవర్ అని తేల్చారు. గొంతులో చేరిన స్ట్రెప్టోకాకస్ బ్యాక్టీరియాను ఎదుర్కొనే క్రమంలో, ఒంట్లోని రక్షణ వ్యవస్థ సొంత కీళ్ళ మీదా గుండె మీదా కూడా విరుచుకుపడుతుందట. కీళ్ళు కొద్ది వారాల్లో మామూలైపోతాయి. గుండె కవాటం పాడైతే అంత తేలిగ్గా బాగుపడదు. నాకు ఎడమవైపున్న మైట్రల్ కవాటం సరిగా మూసుకోక రక్తం కొంచెం వెనక్కి కారుతోంది. వార్డులో మంచం దిగనివ్వలేదు. ఆస్పిరిన్ ఎక్కువ మోతాదులో ఇస్తే కీళ్ళ వాపు చప్పున తీసింది గానీ, చెవుల్లో ఒకటే హోరు. పక్క మంచం పిల్ల పిలిచినా వినపడేది కాదు.

అసలు వైద్యం సదనానికి తిరిగొచ్చాక మొదలైంది. 21 రోజులకోసారి పెనిడ్యూర్ అనే పెనిసిలిన్ ఇంజక్షన్, పన్నెండు లక్షల యూనిట్లు, తుంటికి. మళ్ళీ ఆ గొంతు నొప్పి రాకుండా, వచ్చి గుండెను ఇంకా పాడుచెయ్యకుండా ఇదొక్కటే కాపలా. ముందు ముంజేతి మీద టెస్ట్ డోసు వేసి, పొక్కు చుట్టూ బాల్‌పెన్నుతో సున్నా గీసి బెంచీ మీద కూర్చోబెట్టేవారు. ఎర్రబడకపోతే సరే. పొడిలో నీళ్ళు కలిపి సిస్టర్ సీసాను అరచేతుల మధ్య దొర్లిస్తుంటే మందు పాలలా తయారయ్యేది. సూది లావుదే, అయినా ఒక్కోసారి మధ్యలో బిగుసుకునేది. అప్పుడు ఇంకో సూది, ఇంకో పోటు. ఆ సాయంత్రం కూర్చుని అన్నం తినడం కుదిరేది కాదు.

పద్నాలుగో ఏట నన్ను ఇంకో జిల్లా హోమ్‌కి మార్చారు. నాతోపాటు సీడబ్ల్యూసీ ఆర్డరు, ఆధార్, స్కూల్ టీసీ, ఫొటోలు వచ్చాయి. ఆసుపత్రి చీటీలు రాలేదు. నాకు మూడు వారాలకో ఇంజక్షనుందని చేరినరోజే చెప్పాను. "చీటీ ఏదీ?" అన్నారు. చీటీ లేకుండా పెనిసిలిన్ వెయ్యడానికి ఎవరూ ముందుకు రారు, రియాక్షనొస్తే ప్రాణం మీదికొస్తుందని భయం. పాత హోమ్‌కి ఉత్తరం రాశారు, జవాబు రాలేదు. ఈలోగా మోకాలు మళ్ళీ వాచింది. ఈసారి ఎవరూ నవ్వలేదు లెండి.

పిల్లలందరికీ విడివిడిగా వైద్య రికార్డు ఉండాలని 2016 నాటి జువెనైల్ జస్టిస్ మోడల్ రూల్స్‌లోనే ఉంది. మా దగ్గరా ఉండేది. హోమ్ రిజిస్టర్‌లో, బీరువాలో, తాళం కింద. నా దృష్టిలో పిల్ల కదిలినప్పుడు దాంతోపాటు కదలని రికార్డు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

రెండోసారి చూసిన డాక్టరమ్మ ఈ గొడవంతా విని, లాంగ్ నోట్‌బుక్కొకటి తెప్పించారు. మొదటి పేజీలో జబ్బు పేరు, ఎకో రిపోర్టు సారాంశం, మందు, మోతాదు రాసి సంతకం, స్టాంపు వేశారు. "ఇది ఆఫీసులో ఇవ్వకమ్మా, నీ పెట్టెలోనే పెట్టుకో" అన్నారు. ఆఫీసుకు కావాల్సింది జిరాక్స్ తీసి ఇచ్చాం. అప్పట్నుంచీ ఏ సిస్టర్ ఇంజక్షన్ చేసినా అందులో తేదీ వేసి సంతకం పెడుతుంది.

2022లో పద్దెనిమిది నిండి బయటికొచ్చేటప్పుడు చాలామంది అక్కల్లా నేనూ భయపడ్డాను, కానీ మందు గురించి కాదు. ఎక్కడికెళ్ళినా పుస్తకం చూపిస్తే సరిపోయింది. ప్రైవేటు క్లినిక్కుల్లో మాత్రం చూపించినా వెయ్యనంటారు. ఒక్కోసారి మందుల షాపుల్లోనూ స్టాకుండదు, నాలుగైదు తిరగాలి. కిందటేడు ఎకోలో కారడం బాగా తగ్గిందన్నారు. ఇప్పుడు మూడంతస్తులు ఆగకుండా ఎక్కుతాను. అయినా ఆపడానికి వీల్లేదు. గుండెకు తగిలిన నాలాంటివాళ్ళకు చివరిసారి జబ్బు తిరగబెట్టినప్పట్నుంచి పదేళ్ళు, లేదా ఇరవై ఒకటో ఏడు, రెండింట్లో ఏది ఆలస్యమైతే అంతవరకు వేసుకోవాలి. కవాటంలో లోపం మిగిలితే ఇంకా ఎక్కువకాలం. అంటే నాకు తక్కువలో తక్కువ 2028 దాకా.

బట్టల షాపులో చేస్తున్నాను, రోజంతా నిలబడే పని. మూడు వారాలకోసారి ఒంటిపూట సెలవడిగితే "ప్రతినెలా ఏం జ్వరమమ్మా నీకు?" అంటాడు మేనేజరు. పుస్తకం చూపించాను, తిప్పి చూశాడు, ఒప్పుకున్నాడు. వచ్చే ఇంజక్షన్ సరిగ్గా ఆషాఢం సేల్ మొదటిరోజున పడింది. ఆ సంగతి ఇంకా చెప్పలేదు.