రక్షణపాత్రను చేత పుచ్చుకొనుట

చెన్నైలోని మా తెలుగు సంఘంలో నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల (యేసు మరణాన్ని తలచుకొంటూ రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకొనే ఆచారం) ఆచరించిన తరువాత సాక్ష్యాలకు సమయం ఇస్తారు. పెరంబూరు రైలు పెట్టెల కర్మాగారంలో పనిచేసి విశ్రాంత జీవితం గడుపుతున్న పెద్దలూ, నెల్లూరు, ఒంగోలు వైపు నుండి ఉద్యోగాలకు వచ్చిన యువతీయువకులూ లేచి, కుదిరిన ఆరోగ్యం గురించీ పిల్లల చదువుల గురించీ దేవునికి స్తోత్రం చెల్లిస్తారు. అవన్నీ చెప్పదగినవే. అయితే "నన్ను రక్షించిన దేవునికి వందనాలు" అనే మాట వాటన్నిటికీ ముందు వచ్చే ఆనవాయితీగా మారి, అక్కడ ఎవరమూ ఆగడం లేదని నాకు అనిపిస్తుంది.

ఆగినప్పుడైనా మనం ఎక్కువగా వినేది, "ప్రభువు నీ కోసం ఇంత చేశాడు, నీవు ఆయన కోసం ఏమి చేశావు?" అన్న ప్రశ్నే. అందులో వినయం ఉన్నట్లే కనిపిస్తుంది కానీ, పెళ్లిలో చదివింపులు పుస్తకంలో రాసుకొని వాళ్లింటి శుభకార్యానికి అంతకు తగ్గకుండా తిరిగి చదివించినట్లు, అది వరాన్ని బాకీగా మార్చివేస్తుంది. "ఇది మీవలన కలిగినది కాదు, దేవుని వరమే" అని పౌలు ఎఫెసీయులకు రాసిన మాటకు అక్కడ చోటు మిగలదు.

అదే ప్రశ్న బైబిలులోని 116వ కీర్తనలోనూ ఉంది. మరణబంధాలు చుట్టుకొనగా మొరపెట్టి విడుదల పొందిన వ్యక్తి, "యెహోవా నాకు చేసిన ఉపకారములన్నిటికి నేనాయనకేమి చెల్లించుదును?" అని అడుగుతాడు. బలి గురించో కానుక గురించో వెంటనే చెబుతాడనుకుంటాము. కానీ అతని మొదటి జవాబు, "రక్షణపాత్రను చేత పుచ్చుకొని యెహోవా నామమున ప్రార్థన చేసెదను." ఏమి ఇవ్వాలని అడిగినవాడు మళ్లీ పుచ్చుకొంటానంటున్నాడు! మ్రొక్కుబళ్లు చెల్లించే మాట ఆ తరువాతి వచనంలో గానీ రాదు.

113 నుండి 118 వరకు గల కీర్తనలను యూదులు, ఐగుప్తు దాసత్వం నుండి పొందిన విడుదలను తలచుకొనే పస్కా పండుగలో పాడుతారు. చివరి కొన్నింటిని భోజనం తరువాత పాడడం వారి సంప్రదాయం. కడరాత్రి భోజనం ముగించి యేసు, శిష్యులు కీర్తన పాడి ఒలీవల కొండకు వెళ్లారని మత్తయి, మార్కు రాశారు. ఆ పాటలో ఈ 116వ కీర్తన ఉండి ఉంటే, రక్షణపాత్రను గూర్చి పాడిన పెదవులే కొద్దిసేపటికి గెత్సేమనేలో, సాధ్యమైతే ఈ గిన్నెను, అంటే రానున్న శ్రమను, తొలగించుమని తండ్రిని వేడుకొన్నాయి. మన చేతికి ఉచితంగా అందిన పాత్ర ఆయనకు ఉచితంగా రాలేదని గుర్తుంటే, ఆదివారం ఆ చిన్న గాజు గ్లాసును తొందరగా ఖాళీ చేసి పక్కన పెట్టలేము.

లూకా 7వ అధ్యాయంలో యేసు తనను భోజనానికి పిలిచిన సీమోను అనే పరిసయ్యునికి చెప్పిన కథలో ఒకడు 500 దేనారాలు, మరొకడు 50 దేనారాలు అప్పుపడ్డారు. దేనారము ఒక కూలివాని దినవేతనం గనుక మొదటిది ఏడాదిన్నరకు పైబడిన కష్టార్జితం. అయినా ఇద్దరి దగ్గరా తీర్చడానికి ఏమీ లేదు, ఇద్దరికీ అప్పు రద్దయింది. ఎక్కువ అప్పు క్షమింపబడినవాడే ఎక్కువగా ప్రేమిస్తాడన్నది ఆ కథలోని మాట. సంఘంలో పుట్టి పెరిగిన నాలాంటివారు తమది 50 దేనారాల బాకీయేనని లోలోపల లెక్క వేసుకొంటారు; మా కృతజ్ఞత పలుచగా ఉండడానికి కారణం అదేనని నా అభిప్రాయం.

అలాగైతే చేయవలసినది ఏమీ లేదా అని అడిగేవారికి యెరికోలో పన్నులు వసూలు చేసే ధనవంతుడైన జక్కయ్యను చూపవచ్చు. "నేడు నేను నీ యింట నుండవలసియున్నది" అని యేసు ముందుగా అతనితో చెప్పాడు. ఆస్తిలో సగం బీదలకిస్తానని, అన్యాయంగా తీసుకొన్నదానికి నాలుగంతలు తిరిగి చెల్లిస్తానని జక్కయ్య అన్నది ఆ తరువాతనే. పైగా ఆ సొమ్ములో ఒక్క కాసు కూడా యేసు చేతికి రాలేదు, అంతా యెరికో వీధుల్లోని బీదలకూ అతని చేతిలో మోసపోయినవారికీ చెందవలసినదే.