జేజి ఊరికి రెండు గంటలు

జూన్ సెలవులకు అనంతపురంలో జేజి, అంటే మా అమ్మ, దగ్గరికి వెళ్లి వచ్చాక, ఏడేళ్ల మా పాప నోటుపుస్తకంలో ఒక లెక్క రాసుకుంది. సింగపూరులో రాత్రి 8 గంటలకు బయలుదేరిన విమానం బెంగళూరులో 10 గంటలకు దిగింది కనుక జేజి ఊరికి 2 గంటలు; తిరుగు ప్రయాణంలో రాత్రి 11 గంటలకు బయలుదేరి ఉదయం 6 గంటలకు దిగాము కనుక మన ఇంటికి 7 గంటలు. జేజి ఊరే దగ్గర, మన ఇల్లే దూరం అని కింద పెద్ద అక్షరాలతో రాసి గీత గీసింది.

ఆ లెక్కను కొట్టివేయడానికి నాకు మనసు రాలేదు. సింగపూరులోని చాంగి విమానాశ్రయం నుండి దేవనహళ్లి వద్ద ఉన్న బెంగళూరు విమానాశ్రయానికి ఆకాశమార్గాన దాదాపు 3,200 కిలోమీటర్లు. సుమత్రా ఉత్తర కొసను, బంగాళాఖాతాన్ని దాటే ఈ ప్రయాణం ఎటు వెళ్లినా సుమారు నాలుగున్నర గంటలే. మిగిలిన తేడా అంతా గడియారాలది. ఆ సంగతి ఫోనులో చెబుతూ ఉంటే మా అమ్మ, "మీ కాడ పొద్దు ముందర పుట్టి, మా కాడికి ఎనకాల వస్తాది, అంతే కదమ్మా" అన్నది.

అమ్మ మాట నిజమే గాని, పొద్దు చేసే తేడా గంటా ముప్పావే. మన దేశపు గడియారం కాకినాడ మీదుగా పోయే 82.5 డిగ్రీల రేఖాంశాన్ని అనుసరిస్తుంది. 104 డిగ్రీల దగ్గర ఉన్న సింగపూరు మాత్రం 1982 జనవరి 1 నుండి 120 డిగ్రీల రేఖాంశపు సమయాన్ని పాటిస్తున్నది. అందువల్లనే, 15 డిగ్రీలకు ఒక గంట చొప్పున, మా మధ్య రెండున్నర గంటలు నిలిచాయి.

నన్ను బాధించినది ఈ రెండున్నర గంటలే. అమ్మ దీపం పెట్టి, భోంచేసి ఏడున్నరకు ఫోను చేసేసరికి మాకు రాత్రి 10 అయ్యేది, ఉదయం ఏడున్నరకే బడిలో ఉండవలసిన పాప అప్పటికే నిద్రపోయి ఉండేది. ఇక్కడి ప్రభుత్వ బడులలో మాతృభాషగా నేర్పే వాటిలో తెలుగు లేదు, పాప హిందీ చదువుతున్నది. తెలుగు దక్కితే ఇంట్లోనూ జేజి నోటా దక్కాలి. అయినా ఫోను వేళ మార్చాలన్న ఆలోచన నాకు రెండేళ్లకు గాని రాలేదు.

దూరాన్ని విమానం గంటలలో చెప్పడం కూడా పిల్లలను పొరబాటు పట్టిస్తుందని నా అభిప్రాయం. బెంగళూరులో దిగాక 44వ నంబరు జాతీయ రహదారిపై ఇంకా మూడు గంటలు ప్రయాణించాలి. బాగేపల్లి దాటి కొడికొండ వచ్చేసరికి బోర్డుల మీద కన్నడం పోయి తెలుగు వస్తుంది. విమానంలో నిద్రపోయిన పాప అక్కడ లేచి కూర్చుని, పెనుకొండ వరకూ ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ చదివింది.

ఇప్పుడు మేము మా ఏడున్నరకు, అమ్మకు సాయంత్రం 5 గంటలైనప్పుడు మాట్లాడుకుంటున్నాము. మా కిటికీ బయట చీకటి పడి ఉంటుంది, అరుగు మీద కూర్చున్న అమ్మ వెనుక గోడపై ఎండ ఇంకా ఉంటుంది. పొద్దు, మాపు అన్న మాటలు పాపకు అలాగే వచ్చాయి. "మాకు పొద్దు కుంకింది జేజీ, నీకు ఎప్పుడు?" అని నిన్న తానే అడిగింది.