మామ రందా మిషన్‌కు బెల్టు దొరికిన కథ

మొదటి ఆదివారం

దేవరకొండలో మా మేనమామ వడ్రంగి పని మానేసి మూడేళ్లయింది. మంచం కింద గోనెసంచిలో పడున్న ఆయన రందా మిషన్‌ను, అంటే చెక్కను చిత్రిక పట్టే కరెంటు మిషన్‌ను, ఈసారి నల్లగొండకు తెచ్చుకున్నాను. 82 మి.మీ. బ్లేడు. ఒంటి మీద హిటాచి అన్న అక్షరాలు సగం అరిగిపోయాయి. "కిలో లెక్కన అమ్మితే చాయ్ పైసలు గూడ రావు అల్లుడా, ఏం జేస్తవ్ దాన్ని?" అన్నాడు మామ. తుమ్మ, వేప, టేకు, ఏది పెడితే దాని మీద పదిహేనేళ్లు నడిచిన మిషన్. అంత తొందరగా తూకానికి వేయబుద్ధి కాలేదు.

విప్పేముందు ఫొటోలు తీశాను. స్విచ్‌లోకి నాలుగు వైర్లు పోతున్నాయి, ఏది ఎక్కడిదో రేపటికి గుర్తుండదు. లోపల చూస్తే మోటారు నుంచి బ్లేడ్ల డ్రమ్మును తిప్పే బెల్టు తెగి రెండు ముక్కలు. తిరిగే మోటారుకు కరెంటు అందించే కార్బన్లలో ఒకటి 4 మి.మీ.కి అరిగింది, రెండోది ఇంకా సగం ఉంది. బ్లేడ్ల డ్రమ్ము చేత్తో తిప్పితే తిరగలి చప్పుడు, బేరింగులు పోయినట్టు. వైరు మిషన్‌లోకి దూరే చోట పగిలింది.

ఇవన్నీ కొనుక్కునేవే. అసలు భయం ఆర్మేచర్ గురించి, అంటే మోటారులో రాగి తీగ చుట్టి తిరిగే భాగం గురించి. మీటరు పెట్టి చూశాను. దాని చుట్టూ కదలకుండా ఉండే ఫీల్డు కాయిళ్లు రెండూ 2.3 ఓంలు. కార్బన్లు రాసుకునే కమ్యూటేటర్ మీద పక్కపక్క రాగి పట్టీల మధ్య చుట్టూ ఒకే రీడింగు వచ్చింది. షాఫ్టుకూ పట్టీలకూ మధ్య కనెక్షన్ లేదు. తర్వాత, పాత కార్బన్లతోనే, 200 వాట్ల పాత రకం బల్బును సీరీస్‌లో పెట్టి, అంటే కరెంటు బల్బు గుండానే మోటారుకు పోయేలా కలిపి, కరెంటు ఇచ్చాను. బల్బు ఒక్కసారి వెలిగి డిమ్ అయింది, మోటారు మెల్లగా తిరిగింది. మోటారు కదలకుండా బల్బు నిండుగా వెలిగితే షార్టు ఉన్నట్టు. సీరీస్ బల్బు లేకుండా పాత మిషన్‌ను నేరుగా ప్లగ్గులో పెట్టే ధైర్యం నాకు లేదు.

పోయినేడాది ఒక డ్రిల్ మిషన్ ఆర్మేచర్ కాలితే తిరిగిన తిరుగుడు ఇంకా మర్చిపోలేదు. మన జిల్లాలో బోరు మోటార్లకు వైండింగు చేసే షాపు ప్రతి ఊళ్లో ఉంటుంది కదా, అరగంట పని అనుకున్నాను. మూడు షాపుల్లో తిప్పి పంపారు. ఒక పెద్దాయన దాన్ని అరచేతిలో పెట్టుకుని, "గిది వాచీ రిపేరు లెక్క సార్, నాకు చూపు ఆనదు" అన్నాడు. ఆ డ్రిల్ ఇప్పటికీ అటక మీదే ఉంది. దాని గేరూ చక్కూ వేరే మిషన్‌కు పనికొస్తాయని దాచాను.

రెండో వారం

నల్లగొండ ప్రకాశం బజార్‌లో తప్పుగా అడిగాను. "హిటాచి రందా మిషన్ బెల్టు ఉందా" అంటే, ఆ కంపెనీ ఇప్పుడు లేదు అన్నారు. కంపెనీ ఎక్కడికీ పోలేదు. హిటాచి పవర్ టూల్స్ పేరు 2018లో హైకోకిగా మారింది. పాత మిషన్లున్నవాళ్లు రెండు పేర్లూ చెప్పి, మోడల్ నంబరు కూడా చెప్పాలి. నా మిషన్ ప్లేటు అరిగి నంబరు కనబడలేదు. చీకట్లో ఫోన్ టార్చి పక్క నుంచి ఏటవాలుగా వేస్తే అచ్చు నీడలో తేలింది. అయినా ఒక అంకె మసకగానే ఉంది, పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే అదీ దొరికింది.

బేరింగులకు మాత్రం కంపెనీ పేరుతో పని లేదు. అంచు మీద నంబరు ఉంటుంది. నా డ్రమ్ముకు ఒకవైపు 608, రెండోవైపు 6200. 608 అంటే లోపలి రంధ్రం 8, బయట 22, మందం 7 మి.మీ. పిల్లల స్కేటింగ్ చక్రాల్లో ఉండేదీ ఇదే సైజు. 6200 అంటే 10, 30, 9. నంబరు చెరిగిపోతే స్లైడ్ కాలిపర్‌తో ఈ మూడు కొలతలు తీసుకుంటే చాలు.

నంబరు తర్వాతి అక్షరాలను మాత్రం వదిలేయకూడదు. షాపతను ముందు జడ్‌జడ్ ఇచ్చాడు. దానికి రెండువైపులా రేకు మూత ఉంటుంది, మోటార్లకు మంచిదే. కానీ రందా మిషన్‌లో పిండిలాంటి పొట్టు ఆ రేకు సందులోంచి కూడా దూరుతుంది. 2ఆర్ఎస్ రబ్బరు మూత దుమ్మును బాగా ఆపుతుంది, అయితే రబ్బరు లోపలి రింగును రాసుకుంటూ తిరుగుతుంది కాబట్టి వేగం ఎక్కువైతే వేడెక్కుతుంది. ఈ డ్రమ్ము నిమిషానికి పదహారు, పదిహేడు వేల చుట్లు తిరుగుతుంది. పాతవాటి మీద వీవీ అని ఉంది. అంటే రబ్బరు మూతే, కానీ లోపలి రింగును తాకదు. అదే కావాలని పట్టుబట్టి వారం ఆగాను. రెండూ కలిపి 240 రూపాయలు.

వైరు సులువు. ప్లేటు మీద చదరంలో చదరం గుర్తుంటే డబుల్ ఇన్సులేషన్, ఎర్త్ వైరు అక్కర్లేదు. రెండు కోర్ల 1 చదరపు మి.మీ. వైరు మూడు మీటర్లు తీసుకున్నాను.

మూడో వారం, శనివారం

బెల్టు నల్లగొండలో దొరకలేదు. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో వెతుకుదామంటే, ఆదివారం అక్కడ చాలా షాపులు మూసే ఉంటాయి. అందుకే శనివారం సెలవు పెట్టి పొద్దున్నే బస్సెక్కాను. ఎంజీబీఎస్ నుంచి మెట్రోలో సికింద్రాబాద్ వెస్ట్, అక్కడి నుంచి ఆటో.

మొదటి రెండు షాపుల్లో మోడల్ నంబరు విని తల అడ్డంగా ఊపారు. మూడో షాపులో నంబరు ఎత్తకుండా జేబులోంచి బెల్టు ముక్కలు తీసి కౌంటర్ మీద పెట్టాను. "గట్ల ముందే పీసు సూపియ్యాలె సార్" అన్నాడు ఆ కుర్రాడు. ముక్కలను స్కేలు పక్కన పరిచి పళ్లు లెక్కపెట్టాడు, వెడల్పు చూశాడు, లోపలికి పోయి నాలుగు బెల్టులు తెచ్చాడు. మూడోది పళ్లకు పళ్లు కూర్చుంది. 220 రూపాయలు. రెండు కొన్నాను, మళ్లీ ఇంత దూరం ఎవరు వస్తారు. తెగిన బెల్టును పారేసి ఉంటే ఆ రోజు ఉత్త చేతులతో తిరిగొచ్చేవాణ్ణి.

కార్బన్లు అచ్చంగా అవే దొరకలేదు. నావి 6.5×7.5 మి.మీ., దొరికినవి 7×8. చిన్నవి కొనకూడదు, అవి కూర్చునే గూట్లో ఊగుతాయి. పెద్దవాటిని అరగదీయొచ్చు. జత 70 రూపాయలు.

నాలుగో ఆదివారం

పాత బేరింగులను చిన్న పుల్లర్‌తో లాగాను. కొత్తవి ఎక్కించేటప్పుడు బయటి రింగు మీద కొడితే లోపలి గోళీలకు దెబ్బ. లోపలి రింగు మీదే ఆనే సాకెట్ పెట్టి, వైస్‌లో మెల్లగా నొక్కాను.

కమ్యూటేటర్‌ను 400 సాండ్ పేపర్‌తో తుడిచాను. ఎమరీ పేపర్ వాడొద్దు, దాని పొడి పట్టీల మధ్య ఇరుక్కుని తంటా తెస్తుంది. ఆ సందుల్లో చేరిన నల్ల మసిని విరిగిన హాక్సా బ్లేడు కొనతో గీకాను. కార్బన్లను అద్దం మీద పరిచిన సాండ్ పేపర్‌పై రుద్దాను. అక్కడ తొందరపడ్డాను. ఒకటి గూట్లో బిగుసుకుంది, స్ప్రింగు నెట్టినా కదల్లేదు. మిషన్ ఆన్ చేస్తే అటువైపు నీలం మెరుపులు. మళ్లీ విప్పి ఇంకో నాలుగు రుద్దులు రుద్దితే తనంతట తాను జారింది. అరగంట నడిపాక మెరుపులు సన్నగిల్లాయి.

బ్లేడ్లు బిగించేటప్పుడు మిషన్ అడుగున వెనక పలకకు స్కేలు ఆనించి, బ్లేడు అంచు సరిగ్గా దాని మట్టానికి వచ్చేలా చూశాను. కొంచెం పైకున్నా చెక్క చివర గుంట పడుతుంది.

సాయంత్రం వేప చెక్క మీద నాలుగు వరసలు లాగాను. మామకు ఫోన్ చేసి పక్కన పెట్టి నడిపాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "బ్లేడ్లు సాన పట్టలే గద రా, మొద్దుగున్నయ్. సప్పుడే జెప్తుంది" అన్నాడు.

నిజమే, పట్టలేదు. వచ్చే ఆదివారం ఆ పని.