న్యూరిలెమ్మాలో ‘లెమ్మా’ ఎక్కడిది?

కండర కణం పైపొర సార్కోలెమ్మా. అందులో ‘లెమ్మా’ అంటే గ్రీకులో తొక్క, పొట్టు. నాడీ తంతువు పైతొడుగు న్యూరిలెమ్మాలోదీ అదేనని పాలమూరు, నల్లగొండ మెడికల్ కాలేజీల పిల్లలు అనుకుంటే తప్పు వాళ్లది కాదు, స్పెల్లింగుది. మొదట్లో ఈ మాట ‘న్యూరిలీమా’. న్యూరాన్‌కు ‘ఐలేమా’ చేరితే వచ్చింది. ఐలేమా అంటే చుట్టుకునే ముసుగు. తర్వాత లెమ్మాతో కలగాపులగమై ఇంకో ‘మ’ వచ్చి చేరింది. నిజంగా లెమ్మానే అయితే న్యూరోలెమ్మా కావాలి. కొన్ని పుస్తకాలు అట్లనే అచ్చేస్తాయి కూడా.

గ్రీకు ‘న్యూరాన్’కు పాత అర్థం స్నాయువు, వింటినారి. తెలుగు ‘నరం’ కూడా ఒక్కదానికే కట్టుబడదు: సెలైన్ పెట్టేటప్పుడు రక్తనాళాన్ని ‘నరం దొరకలే’ అంటాం, మడమ వెనక స్నాయువు పట్టేస్తే ‘నరం పట్టింది’ అంటాం. అందుకే పేషెంటు నరం అన్నప్పుడు ఎక్కడో వేలు పెట్టి చూపించమనాలి.

పాత గ్రంథాల్లో న్యూరిలెమ్మా అనే మాట మొత్తం నాడి పైతొడుగుకు వాడారు. ఇప్పుడు ఒక్క తంతువుకే. తంతువుకు తొడుగయ్యే ష్వాన్ కణం, ఆక్సాన్ (నాడీకణం పొడవాటి తోక) చుట్టూ పొరలు పొరలుగా చుట్టుకుంటే లోపలిది మైలిన్ అనే కొవ్వు తొడుగు. కేంద్రకం, సైటోప్లాజంతో బయట మిగిలిన భాగం న్యూరిలెమ్మా. దానిపైన ఎండోన్యూరియం, తంతువుల కట్టకు పెరిన్యూరియం, మొత్తం నాడికి ఎపిన్యూరియం. ఈ మూడూ సంయోజక కణజాలం (కణాలను కట్టిపట్టి ఉంచేది), న్యూరిలెమ్మా మాత్రం కణంలో భాగం. పరీక్షల్లో మార్కులు పోయేది ఇక్కడే.

వరికోతల్లో కొడవలి మణికట్టు దగ్గర మీడియన్ నాడిని తెంపితే, తెగిన చోటికి అవతలి ఆక్సాన్ చనిపోతుంది. ష్వాన్ కణాలు మాత్రం బతికి, తమ చుట్టూ ఉండే పలచని పొర (బేసల్ లామినా) గొట్టంలో వరుసకట్టి దారి చూపుతాయి. తెగిన కొస నుంచి ఆక్సాన్ కొత్త మొలక రోజుకు సుమారు 1 మిల్లీమీటరు పాకుతుంది. వేలికొనకు 18 సెంటీమీటర్లుంటే 6 నెలలు పైమాటే. ఎపిన్యూరియానికి కుట్టేసేటప్పుడు కట్టలు ఎదురెదురుగా కూర్చోకపోతే మొలకలు దారితప్పి న్యూరోమా గడ్డ కడతాయి. తడితే కరెంటు షాక్‌లా జివ్వుమంటుంది.

వెన్నుపాములో ష్వాన్ కణాలు లేవు. అక్కడ మైలిన్ ఇచ్చేది ఆలిగోడెండ్రోసైట్ అనే వేరే కణం. దానికి న్యూరిలెమ్మా లేదు, గొట్టం లేదు, పైగా దాని మైలిన్‌లోని ప్రొటీన్లు మొలకను అడ్డుకుంటాయి. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరోసిస్‌తో వెన్నెముక కాలువ ఇరుకై వెన్నుపాము నలిగినవాళ్లకు ఆపరేషన్ చేస్తే ఒత్తిడి పోతుంది, నలిగినా బతికున్న తంతువులు కొంత తేరుకోవచ్చు. తెగిపోయినవి మాత్రం చేతి నాడిలా మళ్లీ పెరగవు. కాళ్లు బిగుసుకోవడం మొదలైనప్పుడే ఎమ్మారై తీయించాలనేది ఇందుకే.